కొండ ఒడిలో కాపురాలు: మేట్టుపాళయం నుంచి ఒక రోజు అధ్యయన యాత్ర

ఈ పాఠంలో మనం నేర్చుకునేవి: కొండ గుహల్లో మనుషులు ఎందుకు నివసించారు, ఆ చోట్ల వయసు ఎలా తెలుస్తుంది, ఒక పాత చోటును చూడటానికి వెళ్లేముందు ప్రణాళిక ఎలా వేసుకోవాలి.

మనలో చాలామంది రెండు మూడేళ్లకోసారి ఊరు మారేవాళ్లమే. అమ్మకో నాన్నకో బదిలీ ఉత్తర్వు వస్తే సామాన్లు సర్దుకుంటాం. కొత్త ఊరి పేరు పలకడం నేర్చుకునేలోపే మరో ఊరు వచ్చేస్తుంది. అందుకే ఉన్నన్నాళ్లూ ఆ ఊరి చుట్టుపక్కల ఏముందో చూసి, అర్థం చేసుకొని వెళ్లడం మంచి అలవాటు. ఈ వ్యాసం అలాంటి ఒక ప్రయత్నం.

ముందుగా ఊరి పేరు. పుదుచ్చేరిలోని మన మేట్టుపాళయం వేరు, నీలగిరి కొండ రైలు బయలుదేరే కోయంబత్తూరు వైపు మేట్టుపాళయం వేరు. పేరు మాత్రం ఒకటే. తమిళంలో ‘మేడు’ అంటే ఎత్తైన నేల, మన ‘మెట్ట’ లాంటిది. ‘పాళయం’ మన ‘పాలెం’. అంటే తెలుగులో చెప్పుకుంటే మన ఊరు ‘మెట్టపాలెం’. పారిశ్రామికవాడ, లారీల రద్దీ ఉన్న ఈ ఊరి నుంచి ఒక్క రోజులో వెళ్లి రాగల దూరంలో వేల ఏళ్ల, కోట్ల ఏళ్ల చరిత్ర ఉంది.

1. కొండ చరియలో ఒక ఊరు

కొండ గుహల్లో ఇళ్లు అనగానే ప్రపంచమంతా చెప్పుకునే చోటు అమెరికాలోని మెసా వర్డే జాతీయ ఉద్యానవనం. అది కొలరాడో రాష్ట్రంలో ఉంది. ‘మెసా వర్డే’ అంటే స్పానిష్ భాషలో ‘పచ్చని బల్ల’. పైభాగం బల్లలాగా చదునుగా ఉండి, అంచులు నిట్టనిలువుగా తెగిపోయిన కొండ అది. 1906లో దాన్ని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. 1978లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల మొదటి జాబితాలోనే చేరింది.

ప్యూబ్లో జనుల పూర్వీకులు అక్కడ సుమారు 700 ఏళ్లు నివసించారు. కొండ పైన మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పండించేవారు. చివరి నూరేళ్లలోపు కాలంలో చాలామంది కొండ చరియల్లోని పెద్ద పెద్ద తొర్రల్లోకి కాపురాలు మార్చారు. ఇసుకరాతిని ఇటుకల్లా చెక్కి, మట్టి అడుసుతో పేర్చి, దూలాలు వేసి, రెండు మూడు అంతస్తుల ఇళ్లు కట్టారు. అలాంటివి సుమారు 600 ఉన్నాయి. అన్నిటికంటే పెద్దదాన్ని ‘క్లిఫ్ ప్యాలెస్’ అంటారు. అందులో దాదాపు 150 గదులు ఉన్నాయి. పైన ఉన్న చేలకు వెళ్లాలంటే రాతిలో చెక్కిన కాలి గుంటల్లో వేళ్లు పెట్టి ఎక్కాల్సిందే.

అంత కష్టం ఎందుకు పడ్డారు? కొండ తొర్ర వానకూ మంచుకూ గొడుగు. చాలా తొర్రల వెనుక గోడ నుంచి నీటి ఊట వచ్చేది. శత్రువులు సులువుగా చేరలేరు. వీటిలో ఏది అసలు కారణమో పండితులు ఇంకా చర్చిస్తూనే ఉన్నారు. బహుశా అన్నీ కొంత కొంత కావచ్చు.

1300వ సంవత్సరం వచ్చేసరికి ఆ ఇళ్లన్నీ ఖాళీ అయ్యాయి. 1276 నుంచి 1299 వరకు పెద్ద కరువు వచ్చిందని చెట్ల ఉంగరాలు చెబుతున్నాయి. జనం దక్షిణానికి తరలిపోయారు. వాళ్లు మాయమైపోయారని పాత పుస్తకాలు రాసేవి. అది నిజం కాదు. హోపీ, జూనీ వంటి ప్యూబ్లో జాతులవారు తాము వాళ్ల సంతతేనని చెబుతారు. ఊరు ఖాళీ అయింది కానీ మనుషులు ఉన్నారు. ఊళ్లు మారే మనకు ఈ మాట తొందరగా అర్థమవుతుంది.

2. దగ్గరలో ఏముంది?

సరిగ్గా మెసా వర్డే లాంటిది మన చుట్టుపక్కల లేదు. కానీ దాని నుంచి నేర్చుకోదగిన మూడు సంగతులు మూడు చోట్ల ఉన్నాయి. కొండల్లో మనుషులు నివసించడం చూడాలంటే చెంజి దగ్గరి జైన కొండలు. కొండనే తొలిచి గుడి చేయడం చూడాలంటే మండగపట్టు. మానులు రాళ్లైపోవడం చూడాలంటే తిరువక్కరై. మూడూ తమిళనాడులోని విళుప్పురం జిల్లాలో ఉన్నాయి.

చెంజి కొండలు: దిండివనం మీదుగా చెంజికి సుమారు 70 కి.మీ. చెంజి ఊరి దగ్గరే తిరునాథర్‌కున్ఱు అనే చిన్న కొండ ఉంది. ‘కున్ఱు’ అంటే చిన్న కొండ, గుట్ట. దాని మీది పెద్ద బండపై 24 మంది జైన తీర్థంకరుల శిల్పాలు రెండు వరుసల్లో, వరుసకు 12 చొప్పున చెక్కి ఉన్నాయి. అక్కడి ఒక శాసనం చంద్రనంది అనే జైన ఆచార్యుడు 57 రోజులు నిరాహారంగా ఉండి దేహం విడిచాడని చెబుతుంది. ఆ వ్రతాన్ని జైనులు సల్లేఖనం అంటారు. అక్షరాల తీరును బట్టి ఆ శాసనం సుమారు 1500 ఏళ్ల నాటిదని నిర్ణయించారు.

జైన మునులు ఊరికి దూరంగా, కొండ గుహల్లో ఉండేవారు. వర్షాకాలంలో తిరిగితే పురుగూ పుట్రా కాళ్ల కింద పడి చస్తాయని, ఆ నెలల్లో ఒకేచోట ఉండటం వాళ్ల నియమం. చెంజి ప్రాంతంలోనే ఉన్న తొండూరు వంటి చోట్ల గుహ నేలను నునుపు చేసి చెక్కిన రాతి పడకలు కనిపిస్తాయి. తమిళులు ఇలాంటివాటిని ‘పంచపాండవర్ పడుక్కై’, అంటే పంచపాండవుల పడకలు అంటారు. మనం కూడా అంతే కదా! తెలంగాణలో రాతి చిత్రాలున్న కొండను పాండవుల గుట్ట అన్నాం. ఎవరు చేశారో తెలియనప్పుడు అరణ్యవాసం చేసిన పాండవులకో, రాక్షసులకో అంటగట్టడం రెండు భాషల వాళ్లకూ అలవాటే. అసలు అక్కడ పడుకున్నది రాళ్లను దిండ్లుగా చేసుకున్న మునులు.

ఇక్కడ మరొకటి గమనించాలి. ఆ మునులు లేరు గానీ ఆ మతం వాళ్లు ఇంకా ఈ ప్రాంతంలోనే ఉన్నారు. చెంజికి దగ్గరలోని మేల్‌సిత్తామూరులో తమిళ జైనుల మఠం ఉంది. మెసా వర్డే గురించి ప్యూబ్లో జనులను అడిగినట్టే, ఈ కొండల గురించి వాళ్లను అడగవచ్చు.

చెంజి కోట మీలో చాలామందికి ఇదివరకే తెలిసి ఉంటుంది. రాజగిరి, కృష్ణగిరి, చంద్రగిరి అనే మూడు కొండలను కలుపుతూ గోడలు కట్టారు. విజయనగర రాజుల తరఫున తెలుగు మూలాలున్న నాయకులు ఇక్కడ పాలించారు. 1677లో శివాజీ, 1698లో మొగలులు, 1750లో ఫ్రెంచివారు, 1761లో ఆంగ్లేయులు దీన్ని పట్టుకున్నారు. మన జానపదులు కథగా పాడుకున్న దేశింగురాజు 1714లో యుద్ధంలో మరణించింది ఇక్కడే. 2025లో ‘మరాఠా సైనిక స్థలాలు’ అనే పేరుతో యునెస్కో 12 కోటలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వాటిలో మహారాష్ట్ర బయట ఉన్నది చెంజి ఒక్కటే.

మండగపట్టు: చెంజి నుంచి విళుప్పురం వెళ్లే దారిలో, సుమారు 20 కి.మీ. దూరంలో ఉంది. 7వ శతాబ్ది మొదట్లో పల్లవరాజు మొదటి మహేంద్రవర్మ ఒక బండను తొలిచి గుడి చేయించాడు. ముందు లావుపాటి స్తంభాలు, రెండు వైపులా ద్వారపాలకులు, లోపల మూడు ఖాళీ గర్భగుళ్లు. అక్కడి సంస్కృత శాసనం చెప్పేదేమిటంటే, ఇటుక, కలప, లోహం, సున్నం ఏవీ లేకుండా విచిత్రచిత్తుడనే రాజు బ్రహ్మ, ఈశ్వర, విష్ణువులకు ఈ గుడి చేయించాడని. విచిత్రచిత్తుడు మహేంద్రవర్మ బిరుదుల్లో ఒకటి. అప్పటిదాకా గుళ్లు ఆ వస్తువులతోనే కట్టేవారన్నమాట. లేనివాటిని లెక్కపెట్టి చెప్పిన ఈ చిన్న శాసనం వల్లే, కాలగర్భంలో కలిసిపోయిన పాత గుళ్లు దేనితో కట్టారో మనకు తెలిసింది.

తిరువక్కరై: ఇది మన ఊరికి దగ్గర, సుమారు 25 కి.మీ. ఇక్కడి జాతీయ శిలాజ వృక్ష ఉద్యానవనాన్ని భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ చూసుకుంటుంది. సుమారు 2 కోట్ల ఏళ్ల నాటి మానులు ఇక్కడ రాళ్లై పడి ఉన్నాయి. తమిళంలో వీటిని ‘కల్ మరం’ అంటారు. ‘కల్’ అంటే రాయి, ‘మరం’ అంటే మాను. 1781లోనే సోనెరా అనే ఫ్రెంచి ప్రకృతి పరిశోధకుడు వీటి గురించి రాశాడు.

మాను రాయి ఎలా అవుతుంది? నీటిలో కొట్టుకొచ్చిన మాను ఇసుక, ఒండ్రు కింద తొందరగా పూడిపోవాలి. గాలి తగలకపోతే అది కుళ్లదు. భూమిలోని నీటిలో కరిగి ఉన్న సిలికా మానులోని సన్నని కణాల్లోకి చేరి, మెల్లగా వాటి స్థానంలో గట్టిపడుతుంది. కణం ఆకారం అలాగే మిగులుతుంది, పదార్థం మాత్రం రాయి అవుతుంది. అందుకే దగ్గరగా చూస్తే బెరడు గీతలు, కొమ్మ విరిగిన ముడులు కనిపిస్తాయి. వేలితో తడితే మాత్రం రాతి చప్పుడే.

ఇక్కడి మానులకు కొమ్మలు, ఆకులు, వేళ్లు లేవు. దాన్ని బట్టి శాస్త్రజ్ఞులు ఒక మాట తేల్చారు: ఈ చెట్లు ఇక్కడ పెరిగినవి కావు, ఎక్కడో పెరిగి వరదలో కొట్టుకొచ్చినవి. అంటే మనలాగే ఇవి కూడా బదిలీ మీద వచ్చినవే! కాకపోతే వీటికి తిరుగు బదిలీ రాలేదు. వీటిని దాచుకున్న రాతి పొరను కడలూరు ఇసుకరాయి అంటారు. పుదుచ్చేరికి వాయవ్యాన కనిపించే ఎర్రమట్టి మెట్టలు కూడా ఆ వర్గానివే.

3. వయసు చెప్పేదెవరు?

ఈ నాలుగు చోట్ల వయసునూ నాలుగు రకాలుగా కనుక్కున్నారు. యాత్రకు ముందు ఇది అర్థమైతే అక్కడ దేన్ని చూడాలో తెలుస్తుంది.

మెసా వర్డేలో దూలాలే సాక్షులు. చెట్టు ఏటా ఒక ఉంగరం వేస్తుంది. వాన బాగా పడిన ఏడు వెడల్పుగా, కరువు ఏడు సన్నగా. ఈనాటి చెట్టు ఉంగరాలను పాత దూలం ఉంగరాలతో సరిపోల్చుకుంటూ వెనక్కి వెళితే, ఆ దూలాన్ని ఏ ఏట నరికారో చెప్పవచ్చు. 1929లో ఎ. ఇ. డగ్లస్ అనే శాస్త్రజ్ఞుడు ఆ వరుసను తెగకుండా కలిపాడు.

మండగపట్టులో ఆ పద్ధతి పనికిరాదు. కలప వాడలేదని రాజే చెప్పాడు కదా! అక్కడ సాక్షి శాసనంలోని బిరుదు. తిరునాథర్‌కున్ఱులో సాక్షి అక్షరం. అక్షరాల రూపం కాలంతో మారుతుంది కాబట్టి, ఏ రూపం ఎప్పటిదో తెలిసినవారు కాలం చెప్పగలరు. తిరువక్కరైలో సాక్షి రాతి పొర. అక్కడ మానులున్నా ఉంగరాల లెక్క కుదరదు. ఎందుకంటే 2 కోట్ల ఏళ్ల నాటి మాను నుంచి ఈనాటి చెట్టు దాకా తెగని వరుస లేదు.

4. ప్రణాళిక

ఇక మేము వేసిన ప్రణాళిక. పటం చూడగానే దగ్గరిదైన తిరువక్కరైకి ముందు వెళ్లాలనిపిస్తుంది. కానీ పటంతో పాటు ఎండను కూడా చూడాలి. కొండ ఎక్కాల్సింది చెంజిలో, కాబట్టి పొద్దున్నే అక్కడికి చేరాలి. మండగపట్టులో గుహ నీడ ఉంటుంది, కాబట్టి మధ్యాహ్నం అక్కడికి. తిరువక్కరైలో నేల మీద నడకే, సాయంకాలపు ఏటవాలు వెలుతురులో బెరడు గీతలు బాగా కనిపిస్తాయి, అందుకే అది చివర. మొత్తం చుట్టు ప్రయాణం సుమారు 155 కి.మీ.

ఉదయం 6:00 – మేట్టుపాళయం నుంచి బయలుదేరడం. బస్సులోనే ఇడ్లీ.
ఉదయం 8:00 – తిరునాథర్‌కున్ఱు. శిల్పాల లెక్క, బొమ్మ గీయడం.
ఉదయం 9:30 – చెంజి కోట కింది భాగం: కల్యాణ మహల్, ధాన్యాగారాలు, చెరువులు.
మధ్యాహ్నం 12:30 – మండగపట్టు. దగ్గరలో చెట్టు నీడన భోజనం, తరువాత గుహాలయం.
మధ్యాహ్నం 3:30 – తిరువక్కరై శిలాజ ఉద్యానవనం. సమయం మిగిలితే చోళుల కాలపు చంద్రమౌళీశ్వరాలయం.
సాయంత్రం 5:30 – తిరుగు ప్రయాణం.

రాజగిరి శిఖరం ఈ జాబితాలో లేదని కొందరు అలుగుతారు. ఆ శిఖరం ఎక్కి దిగడానికే పూట పడుతుంది. దానికోసం మరో రోజు కేటాయించాలి. ఒక యాత్రలో ఏం చూడాలో రాసుకోవడం ఎంత ముఖ్యమో, ఏం వదులుకోవాలో రాసుకోవడం కూడా అంతే ముఖ్యం.

నెల: జనవరి, ఫిబ్రవరి మంచివి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు, తుపానులు. తడి బండ జారుతుంది. ఏప్రిల్ తరువాత బండ మీద కాలు పెట్టలేం.

అనుమతి: కోటలోకి ప్రవేశ రుసుం ఉంటుంది. పురావస్తు శాఖ స్థలాల్లో 15 ఏళ్లలోపు పిల్లలకు ప్రవేశం ఉచితం. వయసు చూపడానికి గుర్తింపు కార్డులు ఉంచుకోవాలి. తెరిచే వేళలు, సెలవు రోజులు ముందుగానే కనుక్కోవాలి.

వెంట ఉండాల్సినవి: మనిషికి 2 లీటర్ల నీళ్లు, టోపీ, పట్టు ఉన్న బూట్లు, నోటుపుస్తకం, పెన్సిలు, కొలతకు ఒక టేపు, చిన్న భూతద్దం. భోజనానికి పులిహోర మేలు, ఎండలో చెడదు. కోటలో కోతులు ఎక్కువ, తిండి సంచి చేతిలో వేలాడకూడదు. బండల అంచున తేనెపట్టు కనిపిస్తే గట్టిగా అరవకూడదు, రాయి విసరకూడదు.

5. ఒక్క చిన్న రాయి

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. తిరువక్కరైలో నేల మీద చిన్న చిన్న రాతిమాను ముక్కలు కనిపిస్తాయి. ఒక్కటి జేబులో వేసుకుంటే ఏమవుతుంది? మనం ఎలాగూ బదిలీ అయి వెళ్లిపోతాం, ఒక గుర్తు ఉంటుంది కదా అనిపిస్తుంది.

మెసా వర్డేలో జరిగింది చూద్దాం. 1891లో గుస్తాఫ్ నోర్డెన్‌షోల్డ్ అనే స్వీడన్ యువకుడు అక్కడికి వెళ్లాడు. శ్రద్ధగా తవ్వి, కొలిచి, ఫొటోలు తీసి, మంచి పుస్తకమే రాశాడు. కానీ తవ్విన వస్తువులను, మనుషుల అస్థికలను కూడా ఐరోపాకు పట్టుకెళ్లాడు. అప్పట్లో దాన్ని ఆపే చట్టం లేదు. అవి చివరికి ఫిన్లండ్ జాతీయ మ్యూజియానికి చేరాయి. తమ పెద్దల అస్థికలను తిరిగి ఇవ్వమని ప్యూబ్లో జాతులవారు అడిగారు. 2020లో, అంటే దాదాపు 130 ఏళ్లకు, 20 మంది అస్థికలు, 28 సమాధి వస్తువులు తిరిగి వచ్చాయి. వాటిని మళ్లీ మట్టిలో కలిపారు. గుర్తుగా పట్టుకెళ్లినవాడికి అవి వస్తువులు. ఉన్నవాళ్లకు తాత ముత్తాతలు.

మన దేశంలో రక్షిత స్థలాలను పాడుచేసినా, వాటి నుంచి ఏదైనా తొలగించినా రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. 1958 నాటి చట్టానికి 2010లో చేసిన సవరణ ఇది. కానీ శిక్ష భయం కంటే పెద్ద కారణం ఉంది. ముక్క ఉన్నచోట ఉంటేనే అది సాక్ష్యం. ఏ పొరలో, ఏ మాను పక్కన, ఏ దిక్కుకు పడి ఉందో అది చెబుతుంది. జేబులోకి చేరగానే అది మామూలు రాయి.

బండ మీద పేరు గీయడం కూడా ఇలాంటిదే. చంద్రనంది పేరు ఆ రాతిపై 1500 ఏళ్లు నిలిచింది. దాని పక్కన మేకుతో గీసిన మరో పేరు పడితే చెడేది ఆ పాత అక్షరమే. రాయి మళ్లీ పుట్టదు. స్థలం దగ్గర కాపురం ఉండేవాళ్లకు అది రోజూ కనిపిస్తుంది. మూడేళ్లు ఉండి వెళ్లేవాళ్లమని మన బాధ్యత తగ్గదు. పైగా అద్దె ఇంటిని అప్పగించేటప్పుడు గోడకు మేకు దిగిందా అని చూసుకునేది మనమే కదా!

6. మీ తరువాతి ఊళ్లో

ఎక్కడికి బదిలీ అయినా ఇలాంటి కొండ ఒకటి దగ్గరలో ఉంటుంది. ముంబయి అయితే సంజయ్ గాంధీ జాతీయ ఉద్యానవనంలోనే కన్హేరి గుహలు ఉన్నాయి. నూరుకు పైగా గుహల్లో బౌద్ధ భిక్షువులు ఉండేవారు. పడుకోవడానికి రాతి అరుగులు, వాననీరు నిలవడానికి తొట్లు చెక్కుకున్నారు. మన శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి శాసనం కూడా అక్కడ ఉంది. భోపాల్ అయితే భీంబెట్కా: 1957లో వి. ఎస్. వాకణ్కర్ వెలుగులోకి తెచ్చిన రాతి ఆశ్రయాలు, ఎర్రని బొమ్మలు. భువనేశ్వర్ అయితే ఉదయగిరి, ఖండగిరి. విశాఖ వైపు అయితే అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండ. విజయవాడ దగ్గర ఉండవల్లి. ఏలూరు జిల్లాలో గుంటుపల్లి: కొండ పక్కన వరుసగా తొలిచిన భిక్షువుల గదులు, చెక్క కప్పు వాసాల్లా రాతిలోనే చెక్కిన గుండ్రని చైత్యం. మండగపట్టు రాజు కలప వద్దన్నాడు, గుంటుపల్లి శిల్పి రాతినే కలపలా చూపించాడు. రెండూ చూసినవాళ్లకే ఆ తేడా తెలుస్తుంది.

పదాల పరిచయం

శిలాజం – రాతిలో మిగిలిన పూర్వపు ప్రాణి లేదా చెట్టు రూపం.
చరియ – కొండ నిట్టనిలువు పక్క.
ఒండ్రు – నీటి ప్రవాహం తెచ్చి వేసిన మెత్తని మట్టి.
చైత్యం – బౌద్ధుల ప్రార్థనా మందిరం.
సల్లేఖనం – ఆహారం క్రమంగా మాని దేహం విడిచే జైన వ్రతం.

ఆలోచించండి – చేయండి

1. మెసా వర్డే, తొండూరు గుహలు: రెండు చోట్లా మనుషులు కొండను ఎంచుకోవడానికి కారణాల్లో పోలికలేవి, తేడాలేవి?
2. కడలూరు ఇసుకరాయిలోని మానులు కొట్టుకొచ్చినవని చెప్పడానికి ఆధారమేమిటి? వేళ్లతో సహా నిలబడి ఉన్న రాతిమాను దొరికితే ఆ అభిప్రాయం ఎలా మారుతుంది?
3. మండగపట్టు శాసనంలో చెప్పిన నాలుగు వస్తువుల్లో మీరు ఉంటున్న క్వార్టర్స్‌లో ఎన్ని వాడారు?
4. మీరు ఇంతకుముందు ఉన్న ఊరికి 100 కి.మీ. లోపు ఉన్న ఒక పాత స్థలాన్ని ఎంచుకోండి. పటం గీసి, ఎండ, దూరం, నీడ చూసుకొని ఒక రోజు ప్రణాళిక వేయండి. ఏం వదులుకున్నారో, ఎందుకో రెండు వాక్యాలు రాయండి.
5. మీ తరగతిలోని తమిళ మిత్రులను అడిగి కొండ, రాయి, మాను, కోట, చెరువు అనే మాటలకు తమిళ పదాలు సేకరించండి. తెలుగు పదాలకు దగ్గరగా ఉన్నవి ఎన్నో లెక్కపెట్టండి.